పెట్రోలు నిలవ సరుకు కాదు

నిలవ పెట్టడం మన తెలుగు ఇండ్లకు తరతరాలుగా వచ్చిన విద్య. చింతపండు గింజ తీసి, ఉప్పు చల్లి కుండ కెక్కించడం, వేసవిలో మిరపకాయలు ఎండబెట్టి కారం కొట్టించడం, ఆవకాయ జాడీకి వాసెన కట్టి అటక మీద పెట్టడం, కొత్త బియ్యం కంటె పాత బియ్యమే మేలని గాదెలో ఏడాది ఉంచడం - ఇవన్నీ మన పెద్దలు ఎక్కడికి వలస పోయినా వెంట తీసుకొని పోయిన అలవాట్లే. బళ్ళారి, రాయచూరు ప్రాంతాల క్యాంపులలో గాని, హోసూరులో గాని, బరంపురంలో గాని, షోలాపురంలో గాని, యానాంలో గాని, తెలుగువారి వంటింటి అటక చూస్తే ఇది మనవారి ఇల్లే అని పోల్చుకోవచ్చును.

అయితే ఈ విద్య పనికిరాని సరుకు ఒకటి ఈ మధ్య మన ఇండ్లలో చేరింది. అది పెట్రోలు. పొలానికి మందు కొట్టే పవర్ స్ప్రేయరు, గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టరు, కలుపు తీసే చిన్న యంత్రం, తుపాను నాడు దీపం ఇచ్చే జనరేటరు - ఇవన్నీ ఏడాది పొడుగునా నడిచేవి కావు. పనికాలం నెలో రెండు నెలలో. మిగిలిన కాలమంతా కొట్టంలో విశ్రాంతి. ఆ విశ్రాంతి కాలంలో వాటి ట్యాంకులోను, పక్కనున్న డబ్బాలోను మిగిలిన పెట్రోలు ఏమవుతున్నదన్నదే ఈ వ్యాసానికి విషయం. సంగతి ముందే చెప్పివేస్తాము: పెట్రోలు పాలవంటిది, నేతివంటిది కాదు. తాజాగా తెచ్చి వాడుకోవలసినదే గాని, దాచుకోదగినది కాదు.

మన పెద్దలకు ఈ అనుమానం ఎందుకు రాలేదు?

తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తరువాత కోస్తా జిల్లాల నుండి వచ్చి సింధనూరు, గంగావతి, సిరుగుప్ప ప్రాంతాలలో భూములు కొని స్థిరపడిన కుటుంబాలు మన పాఠకులలో ఎన్నో ఉన్నవి. ఆనాటి పెద్దలకు తెలిసిన యంత్రం ఆయిలింజను. అది నడిచేది డీజిలుతోనో, కిరసనాయిలుతోనో. ఆ రెండూ బరువైన నూనెలు. మూత బిగించిన పీపాలో కొన్ని నెలలు ఉంచినా పెద్దగా చెడవు. ఒక పంటకు మిగిలినది మరొక పంటకు వాడినా ఇంజను పేచీ పెట్టేది కాదు. "నూనె గదా, ఎక్కడికి పోతుంది?" అనే నమ్మకం అట్లా ఏర్పడినది.

ఆ నమ్మకాన్నే ఇప్పుడు మనం పెట్రోలుకు కూడ అంటగట్టుచున్నాము. ఖరీఫ్ ముగియగానే స్ప్రేయరును ఉన్నదున్నట్టుగా గోడవార ఆనించి, మళ్ళీ పురుగు కనబడిన నాడు తీస్తాము. తాడు పది సార్లు లాగినా ఇంజను అంటుకోదు. కూలికి వచ్చినవాడు ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఎండ ఎక్కుతుంది. మందు కొట్టవలసిన ఉదయం వేళ కాస్తా దాటిపోతుంది. చివరకు యంత్రాన్ని బండి మీద వేసుకొని పట్నానికి పోతే, మెకానిక్కు కార్బురేటరు విప్పి చూపి, "పెదనాన్నా, మిషనుకేమీ రోగం లేదు. మీరు పోసినదే పాతది" అంటాడు. ఈ మాట వినని రైతు ఇల్లు ఈనాడు అరుదు.

ఇందులో నష్టం మరమ్మతు ఖర్చు ఒక్కటే కాదు. పోయినది ఒక పని దినం, ఒక్కొక్కప్పుడు పంటలో ఒక భాగం. తుపాను నాటి జనరేటరైతే, ఇంట్లో రోగి ఉన్న రాత్రి దీపం లేకపోవడం.

చేటు మూడు విధాలు

పెట్రోలు ఒకే పదార్థం కాదు. తేలికైనవి, బరువైనవి అనేక రకాల హైడ్రోకార్బనుల కలగలుపు. నిలవ ఉన్నప్పుడు దీనికి మూడు వైపుల నుండి చేటు వస్తుంది.

మొదటిది ఆవిరి. మూత సరిగా బిగియని పాత్రలో తేలికైన భాగాలు ముందుగా ఎగిరిపోతవి. చల్లగా ఉన్న ఇంజను మొదటి లాగుడుకే అంటుకోవడానికి కావలసినవి సరిగ్గా ఆ తేలిక భాగాలే. అవి పోయిన పెట్రోలు మండకపోదు. కాని ఇంజనును లేపలేదు. సువాసన పోయిన ఇంగువ పోపులో ఉన్నా లేనట్టే గదా, ఇదీ అంతే.

రెండవది గాలి. గాలిలోని ఆక్సిజనుతో పెట్రోలులోని కొన్ని భాగాలు కలసి మెల్లగా జిగురుగా మారుతవి. శుద్ధి కర్మాగారాలలో దీనిని ఆపడానికి కొన్ని మందులు కలుపుతారు గాని, వాటి శక్తికి కూడ ఒక గడువు ఉన్నది. వేడి ఎక్కువైనకొద్దీ ఈ మార్పు త్వరపడుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే ఇటువంటి మార్పుల వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక వాడుక లెక్క. వేసవిలో మన రేకుల కొట్టంలో మధ్యాహ్నపు వేడి ఎంతో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. రాగి, ఇత్తడి తగిలితే ఈ జిగురు మరింత త్వరగా ఏర్పడుతుంది.

ఈ జిగురు కంటికి కనబడేటంత చిక్కగా ఉండనక్కరలేదు. చిన్న యంత్రాల కార్బురేటరులో పెట్రోలు దూరి వచ్చే రంధ్రం మిల్లీమీటరు కంటె సన్నం. కార్బురేటరు గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాల పెట్రోలు ఆరిపోయి, వార్నిషు పూసినట్టు ఒక పొర కడితే చాలును, ఆ రంధ్రం మూసుకొనిపోతుంది. డబ్బాలోని పెట్రోలు బాగానే ఉన్నా యంత్రం నడవకపోవడానికి సాధారణంగా ఇదే కారణం.

మూడవది నీరు. దీనిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది.

ఇథనాలు కలిసిన తరువాత

వెనుకటి పెట్రోలుకు నీటితో పొత్తు లేదు. డబ్బాలో నీరు పడితే అడుగున వేరుగా నిలిచేది. పైది వంచుకొని వాడుకొనేవారము. ఇప్పుడు బంకులో దొరికే పెట్రోలులో ఇథనాలు అనే సారాయి జాతి పదార్థం కలిసి ఉంటున్నది. చెరకు మొలాసిస్ నుండి, చెరకు రసం నుండి, మొక్కజొన్న, నూకల వంటి ధాన్యం నుండి దీనిని తీస్తారు. మన దేశంలో ఇది 2003లో నూటికి 5 పాళ్ళ లెక్కతో కొన్ని రాష్ట్రాలలో మొదలైనది. 2022 జూనులో దేశం మొత్తం మీద నూటికి 10 పాళ్ళకు వచ్చినది. 20 పాళ్ళు కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకులలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించినది. బంకు పంపు మీద ఇ20 అని వ్రాసి ఉండేది దీనినే.

చెరకు రైతుకు ఇందువలన గిరాకీ పెరిగినది, విదేశాల నుండి నూనె కొనుగోలు కొంత తగ్గినది. ఆ మేలును మేము కాదనడం లేదు. కాని నిలవ పెట్టేవారు దీని స్వభావం తెలుసుకొని ఉండవలెను. ఇథనాలుకు నీరంటే ప్రీతి. నీటిని పట్టి తనలో కలుపుకొంటుంది. లీటరు పెట్రోలు ఈ విధంగా కొన్ని మిల్లీలీటర్ల నీటిని కంటికి కనబడకుండ దాచుకోగలదు. ఆ హద్దు దాటినప్పుడు, లేక పగటి వేడి పోయి చలి రాత్రి వచ్చినప్పుడు, ఒక్కసారిగా విడిపోతుంది. ఇథనాలు, నీరు కలసి అడుగుకు దిగి ఒక పొరగాను, మిగిలిన పెట్రోలు పైన ఒక పొరగాను నిలుస్తవి. ఒకసారి విడిపోయిన దానిని కదిపి కలపడం మనవల్ల అయ్యే పని కాదు. విరిగిన పాలు మళ్ళీ కలవవు గదా.

యంత్రం పెట్రోలును లాగేది ట్యాంకు అడుగు నుండే. అనగా దానికి మొదట అందేది నీరు కలిసిన ఆ అడుగు పొర. దానితో ఇంజను అంటుకోదు, లోపలి లోహాలకు తుప్పు పడుతుంది. పై పొరకు కూడ ఇథనాలు ఇచ్చిన సత్తువ పోయి ఉంటుంది.

ఇంతమాత్రాన గాలిలోని తేమతో రాత్రికి రాత్రే పెట్రోలు విడిపోతుందని భయపడనక్కరలేదు. మూత బిగించి ఉంటే ఆ తేమ చేరడం చాలా నెమ్మది. మన ఇండ్లలో నీరు చేరే దారులు వేరు. కడిగి ఆరబెట్టని డబ్బా, వాన చినుకులు నిలిచిన మూత, వాషరు పోయిన బిరడా, తడి గరాటు - ఇవే అసలు దోషులు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇల్లాలు పెట్రోలు గరాటును కూడ ఒకసారి చూస్తే సగం బాధ తీరిపోతుంది.

మరొక మాట. పాత యంత్రాలలోని రబ్బరు గొట్టాలు, పలుచని రబ్బరు పొరలు ఇథనాలుకు తట్టుకొనేటట్టు చేసినవి కాకపోవచ్చును. గొట్టం గట్టిపడినా, ఉబ్బినా, చెమర్చినా వెంటనే మార్పించవలెను. యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఎంత ఇథనాలు వరకు పనికివస్తుందో వ్రాసి ఉంటుంది. ఆ పుస్తకాన్ని పారవేయక దాచుకోవలెను.

ఎన్నాళ్ళు ఉంచవచ్చును?

యంత్రం ట్యాంకులో ఉన్న పెట్రోలుకు ఒక నెల గడువు పెట్టుకొనుడు. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని దారి ఉంటుంది గనుక అక్కడ అది త్వరగా చెడుతుంది. బిరడా గట్టిగా బిగించి, నీడను, చల్లగా ఉంచిన లోహపు డబ్బాలో ఉన్నదానికి మూడు నెలలు. మన వేసవులకు, మన వానలకు ఇంతకంటె ఎక్కువ ఆశ పెట్టుకోరాదు. టూ-టి ఆయిలు కలిపిన పెట్రోలుకైతే, డబ్బాలో ఉన్నా సరే, ఒక నెలే.

పెట్రోలు తెచ్చిన నాడే డబ్బా మీద తేదీ వ్రాయవలెను. ఒక సుద్దముక్క చాలును. ఇక్కడ మన పరిస్థితికి తగిన సలహా ఒకటి చెప్పుచున్నాము. డబ్బాను ముట్టుకొనేది తరచు ఇంటివారు కాదు, పనికి వచ్చినవారు. మనవద్ద పనిచేసేవారు చదివేది కన్నడం, తమిళం, మరాఠీ, ఒడియా. మనం తెలుగులో వ్రాసి తృప్తిపడితే ప్రయోజనం లేదు. పెట్రోలు అని, నూనె కలిపినదైతే ఆ మాట కూడ, వారు చదివే లిపిలో వ్రాయించవలెను. చదువు రానివారికోసం నూనె కలిపిన డబ్బాకు ఎర్ర రంగు పట్టీ ఒకటి వేస్తే ఇంకా మంచిది.

పాత్ర, చట్టం

తాగే నీళ్ళ ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు తెచ్చి కిటికీలో పెట్టడం మన ఇండ్లలో సామాన్యంగా కనబడుతుంది. ఇది ప్రమాదమే కాక, చట్టానికి కూడ విరుద్ధం. 1934 నాటి పెట్రోలియం చట్టం 8వ సెక్షను ప్రకారం, అమ్మకానికి కాక సొంత వాడకానికి ఒకరు ఒక చోట మొత్తం 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండ ఉంచుకోవచ్చును. అయితే దానిని గట్టిగా బిరడా బిగించిన గాజు, రాతి జాడీ, లేక లోహపు పాత్రలలోనే ఉంచవలెను. గాజు, జాడీ అయితే ఒక్కొక్కటి 1 లీటరుకు, లోహం అయితే 25 లీటర్లకు మించరాదు. కొన్ని సమయాలలో జిల్లా అధికారులు విడిగా డబ్బాలలో పోయడాన్ని నిషేధిస్తారు. బంకువారు కాదంటే వారితో తగవు పెట్టుకొనవద్దు.

ఇంటికి 5 లీటర్ల లోహపు డబ్బాలు రెండు చాలును. పెద్ద డబ్బాలో కొంచెం పెట్రోలు ఉంచితే మిగిలినదంతా గాలే. చిన్న డబ్బా నిండుగా ఉండడం మేలు. కాని అంచు వరకు నింపరాదు. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. 10 లీటర్ల పెట్రోలు 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 140 మిల్లీలీటర్లు పెరుగుతుంది. అందుచేత 5 లీటర్ల డబ్బాలో నాలుగున్నర, నాలుగుం ముప్పావు లీటర్ల దగ్గర ఆపవలెను.

బంకులో డబ్బాను నేల మీద పెట్టి పోయించుకోవలెను. మోటారు సైకిలు మీద గాని, కారు వెనుక భాగంలో గాని ఉంచి పోయిస్తే, ఒరిపిడి వలన పుట్టే విద్యుత్తు నేలకు దిగక మిణుగురు లేచే ప్రమాదం ఉన్నది.

ఎక్కడ ఉంచవలెను?

ఇంట్లో ఉంచరాదు. ఇది మొదటి మాట, చివరి మాట. పెట్రోలు ఆవిరి గాలి కంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి పోదు. నేల మీద పాకుతూ పోయి, పది అడుగుల దూరాన ఉన్న పొయ్యిని గాని, దేవుని గదిలోని దీపాన్ని గాని చేరగలదు. చలి దేశాలలో కూడ పెట్రోలు ఆవిరి అంటుకోగలదన్నప్పుడు మన వేడికి చెప్పవలసినదేమున్నది? ఫ్రిజ్జి, ఇన్వర్టరు, విద్యుత్తు మీటలు - వీటిలో ప్రతి ఒక్కటి ఒక చిన్న నిప్పురవ్వ పుట్టించగలదు.

ఇంటికి వేరుగా, గాలి ఆడే కొట్టంలో, నీడ పడే ఉత్తరపు గోడవార, నేల తేమ తగలకుండ చెక్క పలక మీద పెట్టవలెను. ఎరువులు, పురుగుమందులు, గడ్డివామి దగ్గరలో ఉండరాదు. పిల్లల చేతికి అందరాదు. పక్కన ఒక తొట్టిలో పొడి ఇసుక ఉంచవలెను. పెట్రోలు మంట మీద నీళ్ళు పోస్తే పెట్రోలు నీటి మీద తేలి మంటను నలుగడలా పరుస్తుంది. దానికి ఇసుకయే, లేక పొడి చల్లే అగ్నిమాపక యంత్రమే మందు.

రెండు డబ్బాల పద్ధతి

"మీరు దాచవద్దంటారు. తుపాను వస్తే బంకులు మూస్తారు. అప్పుడేమి చేయుమంటారు?" అని బరంపురం వారు, యానాం వారు అడుగుతారని మాకు తెలుసు. వారి ప్రశ్న న్యాయమైనది. 1996 నవంబరు 6వ తేదీన కోనసీమను ఊపివేసిన తుపానును యానాం పెద్దలు మరువలేదు. 2013 అక్టోబరు 12వ తేదీన ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రిని బరంపురం వారు మరువలేదు. అటువంటి చోట జనరేటరు విలాసం కాదు.

దీనికి గాదె పద్ధతియే సమాధానం. మన గాదెలో పాత ధాన్యం ముందు తీసి, కొత్తది పోస్తాము. పెట్రోలుకూ అదే న్యాయం. రెండు డబ్బాలు పెట్టుకొని ఒకటి, రెండు అని అంకెలు వేయవలెను. నెల మొదటి తేదీన ఒకటవ డబ్బాలోని పెట్రోలును ఇంటి స్కూటరులోనో, మోటారు సైకిలులోనో పోసి వాడుకొని, డబ్బాను తాజా పెట్రోలుతో నింపుకోవలెను. మరుసటి నెల మొదటి తేదీన రెండవ డబ్బా. ఈ విధంగా తిప్పితే ఏ డబ్బాలోను రెండు నెలలకు మించిన పెట్రోలు ఉండదు. ఒక్క చుక్క వృథా పోదు, తుపాను ఏనాడు వచ్చినా చేతిలో సుమారు తొమ్మిది లీటర్ల మంచి సరుకు ఉంటుంది. టూ-టి ఆయిలు కలిపిన డబ్బాకు మాత్రం ఈ పద్ధతి వర్తించదు. దానిని స్కూటరులో పోయరాదు.

జనరేటరును కూడ నెలకొకసారి నడపవలెను. ఊరకే శబ్దం చేయించి ఆపడం కాదు. రెండు ఫ్యానులు, నాలుగు దీపాలు తగిలించి పావుగంట, ఇరవై నిమిషాలు నడిపితే కార్బురేటరులోని పెట్రోలు మారి, యంత్రం సిద్ధంగా ఉంటుంది. ఈ పని ఆరుబయటనే చేయవలెను. జనరేటరు పొగలోని కార్బన్ మోనాక్సైడు వాసన లేని విషం. వరండాలో గాని, కిటికీ కింద గాని నడపరాదు.

నూనె కలిపే యంత్రాలు

బ్రష్ కట్టర్లలోను, కొన్ని స్ప్రేయర్లలోను ఉండేది టూ-స్ట్రోకు ఇంజను. దానికి వేరుగా నూనె గది లేదు. పెట్రోలులో కలిపిన టూ-టి ఆయిలే దాని ప్రాణం. పుస్తకంలో 50కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 40కి 1 అంటే 25 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. కంటి అంచనాతో పోయరాదు. కొలత గిన్నెకు అయ్యే ఖర్చు ఏపాటిది?

ఈ మిశ్రమంలో నీరు చేరి విడిపోయినప్పుడు అపాయం రెండింతలు. నూనె పైనున్న పెట్రోలు పొరతో ఉండిపోతుంది. అడుగున ఇథనాలు, నీరు మాత్రమే. ఇంజను ఆ అడుగుదే పీల్చి నడిస్తే దానికి నూనె అందదు. కొద్దిసేపటిలో పిస్టను పట్టుకొనిపోతుంది. ఇది కార్బురేటరు కడిగితే పోయే రోగం కాదు. యంత్రం ఖరీదులో పెద్ద భాగం. అంతటితో తీరదు. "వాడు బాగా నడపలేదు" అని నింద పనివానిమీద పడుతుంది. యజమాని ఇచ్చిన పాత పెట్రోలుకు పనివాడు మాట పడడం న్యాయం కాదు గదా. అందుచేత ఆ రోజుకు కావలసినంతే కలపవలెను. ఒక ట్యాంకుతో యంత్రం ఎంతసేపు నడుస్తుందో ఒక్కసారి గడియారం చూసి వ్రాసుకొంటే, రోజుకు ఎన్ని లీటర్లు కావలెనో లెక్క దొరుకుతుంది.

పనికాలం ముగిసిన నాడు

పంట పని అయిపోయిన మరునాడు, మరచిపోకముందే, అరగంట కేటాయించి ఈ కింది పనులు చేయవలెను.

1. యంత్రం పూర్తిగా చల్లారిన తరువాత, ఆరుబయట, ట్యాంకులోని పెట్రోలును డబ్బాలోకి వంచుకోవలెను. గొట్టం పెట్టి నోటితో లాగడం ఎన్నడూ చేయరాదు.

2. పెట్రోలు కాకు ఉన్న యంత్రమైతే దానిని మూసి, ఇంజను తనంతట తాను ఆగిపోయేవరకు నడపవలెను. చల్లారిన తరువాత కార్బురేటరు గిన్నె అడుగున ఉన్న మరను వదులు చేసి మిగిలిన నాలుగు చుక్కలను కూడ దించివేయవలెను.

3. బ్రష్ కట్టరుకు సాధారణంగా గిన్నె ఉండదు. ట్యాంకు వంచిన తరువాత ఇంజనును ఆగేవరకు నడిపి, మళ్ళీ చోకు వేసి, ఇక అంటుకోదనే వరకు రెండు మూడు సార్లు లాగవలెను.

4. స్పార్కు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచా ఇంజను ఆయిలు వేసి, తాడును మెల్లగా రెండు మూడు సార్లు లాగి, ప్లగ్గు బిగించవలెను. లోపల తుప్పు పట్టదు.

5. గాలి జల్లెడ దులిపి, యంత్రం తుడిచి, గుడ్డ కప్పి, తేమ లేని చోట పెట్టవలెను.

ఈ అరగంట పనిని ఇంటిలోని పెద్ద పిల్లలకు దగ్గరుండి చూపి నేర్పితే, యంత్రం మీద వారికి భయమూ పోతుంది, నిర్లక్ష్యమూ పోతుంది.

సీసా మందులు

పెట్రోలు చెడకుండ చేసే ఫ్యూయల్ స్టెబిలైజరు అనే మందు చిన్న సీసాలలో దొరుకుతున్నది. ఇది గాలి వలన జిగురు పుట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. వాడదలచినవారు మూడు సంగతులు గుర్తుంచుకోవలెను. తాజా పెట్రోలులో, తెచ్చిన నాడే కలపవలెను. చెడినదానిని ఇది బాగుచేయదు. కలిపిన తరువాత ఇంజనును పది నిమిషాలు నడిపితేనే మందు కార్బురేటరు వరకు చేరుతుంది. విడిపోయిన నీటిని ఏ సీసా మందూ మళ్ళీ మంచి పెట్రోలుగా మార్చలేదు. ఏడాది పొడుగునా పెట్రోలు ఉంచక తప్పనివారికి ఇది ఉపయోగమే. తక్కినవారికి ఖాళీ ట్యాంకును మించిన మందు లేదు.

పాతబడినదానిని ఏమి చేయవలెను?

అనుమానం వచ్చినప్పుడు, నిప్పుకు దూరంగా, ఆరుబయట, పొడి గాజు సీసాలో కొంచెం పోసి వెలుతురుకు పట్టి చూడవలెను. బంకు పెట్రోలులోనే రంగు కలిపి ఉండవచ్చును గనుక, తాజాది మరొక సీసాలో పక్కన పెట్టి పోల్చవలెను. ముదురు రంగు, పుల్లని వార్నిషు వాసన ఉంటే పాతబడినదని గుర్తు. మబ్బుగా ఉన్నా, అడుగున గీత గీసినట్టు వేరొక పొర కనబడినా, అది విడిపోయినదని గుర్తు.

రెండు మూడు నెలలదై, తేటగా ఉండి, వాసన మారనిదైతే, నూనె కలపనిదైతే, పదింతల తాజా పెట్రోలులో కొద్దికొద్దిగా కలిపి వాడుకోవచ్చును. విడిపోయినదానిని, జిగురు వాసన వేసేదానిని ఏ ఇంజనులోను పోయరాదు. కాలువలో, మురుగులో, నేల మీద పారబోయరాదు. మన ఊళ్ళలో బావి, బోరు ఇంటి పక్కనే ఉంటవి. కొద్ది పెట్రోలు చాలు నీటిని తాగరాకుండ చేయడానికి. మూత బిగించి, పేరు వ్రాసి, పాత నూనెలు తీసుకొనే అనుమతి పొందిన వారికి అప్పగించవలెను. పొయ్యి వెలిగించడానికి, చెత్త తగలబెట్టడానికి వాడరాదు. కిరసనాయిలు మెల్లగా అంటుకొంటుంది, పెట్రోలు ఆవిరి ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ తేడా తెలియక కాలిపోయిన ఇండ్లు ఉన్నవి.

పొరపాటున పిల్లవాడు మింగితే కక్కించే ప్రయత్నం చేయరాదు. కక్కేటప్పుడు అది ఊపిరితిత్తులలోకి పోవడమే ఎక్కువ అపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. పెట్రోలు ఒలికిన బట్టలను విప్పి ఆరుబయట ఆరవేయవలెను గాని, వంటింటి దండెం మీద వేయరాదు.

కొనబోయేవారికి

పెరటిలో గడ్డి కోసుకోవడానికి మాత్రమే యంత్రం కావలసినవారికి ఇప్పుడు బ్యాటరీతో నడిచే బ్రష్ కట్టర్లు వచ్చినవి. వాటికి పెట్రోలు బాధ లేదు. పది ఎకరాల గట్లకు, పొద్దంతా పనికి, ఇంకా పెట్రోలు యంత్రమే చాలామందికి అనుకూలం. ఏది కొన్నా, ఏడాదిలో ఎన్ని రోజులు వాడుతామో ముందు లెక్క వేసుకోవలెను. రెండు రోజుల పనికి సొంత యంత్రం కంటె ఇరుగుపొరుగు నాలుగు కుటుంబాలు కలసి ఒకటి కొనుక్కోవడం మేలు. నలుగురి చేతిలో తిరిగే యంత్రంలో పెట్రోలు పాతబడే అవకాశమే ఉండదు.

దాచుకొనే గుణం మన ఇండ్లను ఎన్నో కరువు కాలాలలో నిలబెట్టినది. దానిని వదలుకొమ్మని మేము అనడం లేదు. అటక మీది జాడీలు అట్లాగే ఉండనిండు. పెట్రోలును మాత్రం కావలసినప్పుడు, కావలసినంతే తెచ్చుకొని, పనికాలంతోపాటు దానిని కూడ ముగించివేయుడు. ఈ సంచిక చదివిన వారాంతంలో ఒక్కసారి కొట్టంలోకి పోయి, మూలనున్న డబ్బాను బయటకు తీసి, అది ఏనాటిదో చూడవలసినదిగా మన కుటుంబాలన్నిటికి మా మనవి.